బ్యాగు మోసుకుని గుట్టలెక్కేవాళ్లు బూట్లు ఎలా ఎంచుకోవాలి?

చలికాలం మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే: "అన్నా, ట్రెక్కింగ్‌కు పోతున్నం, ఏ కంపెనీ బూట్లు తీసుకోవాలె?" నల్లగొండ నుంచి, దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి అడిగేవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసేవాణ్ని, తీరా వాళ్లు తిరిగొచ్చి కాళ్ల ఫొటోలు పంపితే చూడలేకపోయేవాణ్ని. అందుకే మొత్తం పద్ధతి వరసగా రాస్తున్నాను.

కంపెనీ పేరు ఆఖరున చూసుకోవచ్చు. ముందు మీ పాదం, తర్వాత వీపు మీద బరువు, ఆ తర్వాత నడిచే నేల. ఈ మూడు లెక్కలు చేతిలో ఉంటే దుకాణంలో చాలా జతలను తొడిగి చూడకుండానే పక్కన పెట్టేయొచ్చు.

ఇదంతా రెండు మూడు రోజులు బ్యాగుతో నడిచేవాళ్ల కోసం. పొద్దున ఎక్కి మధ్యాహ్నం దిగే నడకలో చిన్న రాపిడి ఉన్నా ఇంటికొచ్చి మరిచిపోతాం. అదే రాపిడి రెండో రోజుకు బొబ్బ అవుతుంది, మూడో రోజుకు పుండు అవుతుంది, అప్పుడు మీ బ్యాగు పక్కవాడు మోయాల్సి వస్తుంది.

1. కొనే ముందు ఇంట్లో పాదం కొలవండి

కావాల్సినవి:
- తెల్ల కాగితాలు రెండు, పెన్ను, స్కేలు
- ట్రెక్‌లో వేసుకునే సాక్సులే (ఆఫీసు సాక్సులు వద్దు)
- మీ బ్యాగు, అందులో మీరు నిజంగా మోసేంత బరువు. నీళ్ల బాటిళ్లు, ఐదేసి కిలోల బియ్యం సంచులు పెడితే సరిపోతుంది

సాయంత్రం కొలవండి. పొద్దంతా నిలబడి తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, నడకలోనూ అలాగే ఉబ్బుతుంది.

కాగితం గోడకు ఆనించి, మడమ గోడకు తగిలేలా నిలబడండి. బ్యాగు వీపున ఉండాలి, బరువు ఆ కాలి మీద పడాలి. కూర్చుని కొలిస్తే పాదం పొట్టిగా వస్తుంది, ఎందుకంటే బరువు పడితేనే అరికాలి వంపు దిగి పాదం సాగుతుంది. అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి కొస దగ్గర గీత గీయండి. చాలామందికి అది బొటనవేలు, కొందరికి దాని పక్కది. తర్వాత వేళ్ల మొదట్లో పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట అటూ ఇటూ గుర్తు పెట్టండి.

రెండు పాదాలూ కొలవాలి. రెండూ ఒకేలా ఉండడం తక్కువ, పెద్ద పాదం లెక్కే తీసుకోవాలి. ఆ పొడవుకు 10 నుంచి 12 మిల్లీమీటర్లు కలపండి. అంటే పాదం 262 మిల్లీమీటర్లు ఉంటే బూటు లోపల 272 నుంచి 274 దాకా చోటు కావాలి.

మన దుకాణాల్లో ఎక్కువగా నడిచే 7, 8, 9 నంబర్లు బ్రిటన్ లెక్క. అందులో ఒక నంబరుకు తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు. 41, 42, 43 అని ఉండేవి యూరప్ లెక్క, అందులో తేడా సుమారు 6.7. ఒక కంపెనీ 8 ఇంకో కంపెనీ 8కి సమానం కాదు. "నాది ఎప్పుడూ ఎనిమిదే" అనే మాట ఇక్కడ పనికిరాదు, కాగితం మీద గీసిన కొలత జేబులో పెట్టుకుని పోండి.

2. ఎంత బరువు, ఏ నేల?

మన దిక్కు నేల ఒక్క తీరుగా ఉండదు. భువనగిరి కోట గుట్ట ఏకశిల, నున్నని పరుపు బండ. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ వైపు బండల మధ్య మొరం, తుప్పలు, ముండ్లు. అమ్రాబాద్ దాటి నల్లమలలోకి పోతే ఎండాకుల కింద కనపడని వదులు రాళ్లు, లోయలోకి దిగుడు. (అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపల నడవొద్దు, రాత్రి ఉండడం అసలే వద్దు.) వానలో అయితే రేగడి బూటుకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఇక్కడి నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి హిమాలయ శిఖరాలకు పోయేవాళ్లకు మంచు.

బూట్లలో స్థూలంగా నాలుగు రకాలు.

ట్రెయిల్ రన్నింగ్ షూ: మట్టిదారుల్లో పరుగెత్తేవాళ్ల కోసం చేసినవి. జత 600 నుంచి 700 గ్రాములు. తడిసినా తొందరగా ఆరతాయి. బ్యాగు ఏడెనిమిది కిలోలు దాటకపోతే, నడక అలవాటున్న కాళ్లయితే ఇవి చాలు.

లో కట్ హైకింగ్ షూ: చీలమండ కిందివరకే ఉండేవి. బూటు అడుగు, అంటే సోల్, కొంచెం గట్టిగా ఉంటుంది, ముందు వేళ్లకు రబ్బరు కాపు ఉంటుంది. పది పన్నెండు కిలోల బ్యాగుతో మన గుట్టల్లో, నల్లమల అంచుల్లో తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఇవే. ఒక్క జతే కొనగలిగితే ఇదే కొనండి.

మిడ్ కట్: చీలమండ మీదికి వచ్చేవి, జత సుమారు కిలో. పదిహేను కిలోలు దాటిన బ్యాగుకు, మంచుకు, రాళ్లు కదిలే దారులకు.

పెద్ద తోలు బూట్లు: కిలోన్నర దాకా. బాగా బరువు మోస్తూ వారం పది రోజులు తిరిగేవాళ్లవి. మన ఎండలో వీటి జోలికి పోవద్దు.

బరువు సంగతి ఎందుకు ఇంత చెప్తున్నానంటే, పాదానికి కట్టిన కిలో వీపు మీద ఐదారు కిలోలు మోసినంత అలసట ఇస్తుంది. రోజుకు ఇరవై వేల అడుగులు నడిస్తే బూటులో ఉన్న అనవసరపు బరువును ఇరవై వేల సార్లు ఎత్తి దించినట్టు.

"ఎత్తు బూటు వేస్తే కాలు మెలిక పడదు" అని అందరూ అంటారు. ఎత్తు ఒక్కటే కాపాడదు. మడమ కదలకుండా పట్టి ఉంచడం, అడుగు గట్టిగా ఉండి వంకర తిరగకపోవడం, మీ చీలమండ బలం, ఇవన్నీ కలిస్తేనే కాలు నిలబడుతుంది. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడడం అలవాటు చేసుకోండి, నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది.

వద్దనాల్సినవి రెండు. ఫ్యాక్టరీలో ఇచ్చిన సేఫ్టీ షూ వేసుకుని వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, గట్టిగా ఉంటాయి కదా అని. ముందున్న ఇనుప కాపుకు దిగుడులో గోళ్లు కొట్టుకుంటాయి. రెండోది, సోల్ నున్నగా అరిగిపోయిన పాత స్పోర్ట్స్ షూ.

3. వాటర్‌ప్రూఫ్ అవసరమా?

మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరిగేవాళ్లకు అవసరం లేదు. బయటి నీళ్లు లోపలికి రానీయని పొర లోపలి చెమటను కూడా సరిగ్గా బయటికి పోనీయదు. చెమటతో నానిన చర్మం మెత్తబడి తొందరగా లేస్తుంది, బొబ్బలకు అదే మొదలు.

కర్ణాటక వైపు పడమటి కనుమల్లో వానాకాలం నడిచినా లాభం తక్కువ. మోకాళ్ల దాకా వాగు దాటితే నీళ్లు పైనుంచే వస్తాయి, ఒకసారి లోపల చేరాక ఆ పొరే వాటిని బయటికి పోనీయదు. అక్కడ జాలీ ఉన్న బూటు, మార్చుకోవడానికి పొడి సాక్సులు మేలు. మంచులో నడిచేవాళ్లకు మాత్రం వాటర్‌ప్రూఫ్ కావాలి.

4. సోల్ తిప్పి చూడండి

నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది ఇదే, ఎందుకంటే మన నేలలో ముల్లు పెద్ద సమస్య. సర్కారు తుమ్మ ముల్లు మామూలు స్పోర్ట్స్ షూ సోల్‌ను దాటి అరికాల్లో దిగుతుంది. బరువు తగ్గించడానికి కొన్ని బూట్లలో అడుగు మధ్యలో రబ్బరు లేకుండా మెత్తటి ఫోమ్ వదిలేస్తారు. చూడడానికి బాగుంటుంది, నగరంలో పార్కుకు సరిపోతుంది, మన తుప్పల్లో ముల్లు సరిగ్గా అక్కడే దిగుతుంది. అడుగు మొత్తం రబ్బరు పరిచి ఉన్నదే తీసుకోండి. లోపల గట్టి పలక, రాక్ ప్లేట్ అంటారు, ఉంటే ఇంకా మంచిది.

చేతిలో పట్టుకుని మూడు పరీక్షలు చేయండి:
- వంచండి. వేళ్లు వంగేచోట వంగాలి. నడిమికి మడతపడితే వద్దు.
- బట్టలు పిండినట్టు తిప్పండి. తేలికగా మెలిక తిరిగితే బరువుతో నడవడానికి పనికిరాదు.
- రబ్బరును బొటనవేలి గోటితో నొక్కండి. గోరు కొంచెం దిగాలి. ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే నున్నటి బండ మీద జారుతుంది.

సోల్ కింద రబ్బరుకు ఉండే పళ్ల సంగతి. లోతుగా, దూరందూరంగా ఉన్న పళ్లు బురదకు మంచివి. పరుపు బండ మీద మాత్రం రబ్బరు ఎంత ఎక్కువ తగిలితే అంత పట్టు, కాబట్టి 4 మిల్లీమీటర్ల చుట్టూ లోతు, వెడల్పైన పళ్లు చూసుకోండి. బండ మీద మొరం ఉంటే ఏ సోల్ అయినా జారుతుంది. అక్కడ పాదం మొత్తం ఆనించి, చిన్న అడుగులు వేయడమే దారి.

5. దుకాణంలో ఏం చేయాలి

సాయంత్రం పోండి, తొందరలేని రోజు పోండి. మీ సాక్సులు, బరువు నింపిన బ్యాగు వెంట తీసుకుపోండి. దుకాణంలో బ్యాగేసుకుని తిరగడానికి సిగ్గుపడొద్దు, హైదరాబాద్‌లో డెకాథ్లాన్ లాంటి పెద్ద షాపుల్లో ఎవరూ ఏమీ అనరు, మన ఊరి బూట్ల దుకాణంలో కూడా ముందే చెప్తే కూర్చోబెట్టి చూపిస్తారు.

వరస ఇది:

మొదట ఇన్‌సోల్, అంటే బూటు లోపల పాదం కింద ఉండే మెత్తటి పొర, బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. వేళ్ల ముందు ఒక వేలి మందం చోటు కనపడాలి, పాదం పక్కలకు పొర్లకూడదు. పొర్లితే ఆ మోడల్ మీది కాదు, పెద్ద సైజు అడగొద్దు, వెడల్పు మోడల్ అడగండి.

తర్వాత లేసులు వదులుగా ఉంచి పాదం ముందుకు తోయండి. మడమ వెనక చూపుడు వేలు దూరాలి. దూరకపోతే చిన్నది, రెండు వేళ్లు దూరితే పెద్దది.

ఇప్పుడు మడమను నేలకు తట్టి వెనక్కి జరిపి లేసులు కట్టండి. రెండు బూట్లూ వేసుకుని, బ్యాగు తగిలించుకుని ఇరవై నిమిషాలు తిరగండి. మెట్లు ఎక్కండి, దిగండి. ఎక్కేటప్పుడు మడమ లేస్తుందా చూడండి. కొద్దిగా కదలడం మామూలే, జారుతూ రాసుకుంటే వద్దు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగులుతున్నాయా చూడండి.

ఈ ఆఖరి పరీక్ష నేను చేయకపోవడం వల్ల ఏమైందో చెప్తాను. మొదటిసారి నల్లమలలో సలేశ్వరం జాతరకు పోయినప్పుడు కొత్త బూట్లు కొన్నాను. కొంచెం బిగుతుగా ఉన్నాయంటే "రెండ్రోజులు తొడిగితే సాగుతది అన్నా" అన్నాడు దుకాణంలో అబ్బాయి, నేనూ నమ్మాను. రాంపూర్ పెంట దగ్గర బండి దిగి నడవడం మొదలుపెట్టినప్పుడు బాగానే ఉంది. లోయలోకి దిగడం మొదలయ్యాక ప్రతి అడుగుకూ బొటనవేళ్లు బూటు ముందుకు కొట్టుకోవడం మొదలైంది. జనం "వస్తున్నం లింగమయ్యా" అనుకుంటూ చెప్పుల్లేకుండా నా పక్కనుంచి దిగిపోతుంటే నేను బండలు పట్టుకుని కూర్చుంటూ దిగాను. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి ఊడిపోయాయి, మళ్లీ పూర్తిగా రావడానికి దాదాపు ఏడాది పట్టింది.

కాబట్టి గుర్తుంచుకోండి: పక్కలు కొద్దిగా సాగొచ్చు, అదీ తోలు అయితే. పొడవు మాత్రం సాగదు. దుకాణంలో నొప్పి పెట్టిన బూటు గుట్ట మీద ఇంకా నొప్పి పెడుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే రెండు సైజులు తెప్పించి, ఇంట్లో శుభ్రమైన గచ్చు మీదే తిరిగి, సరిపడనిది వెనక్కి పంపండి. వెనక్కి తీసుకుంటారో లేదో కొనేముందే చూసుకోండి. మట్టిలో ఒక్క అడుగు వేసినా తీసుకోకపోవచ్చు.

డబ్బు తక్కువుంటే బ్యాగు అప్పు తెచ్చుకోండి, జాకెట్ అప్పు తెచ్చుకోండి. బూటు మాత్రం మీదే అయి ఉండాలి, ఇంకొకరి కాలికి అలవాటైన బూటు మీ కాలిని కొరుకుతుంది.

6. సాక్సులు

నూలు సాక్సులు వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి. మెరినో (ఒక జాతి గొర్రెల సన్నటి ఉన్ని) సాక్సులు లేదా నైలాన్, పాలిస్టర్ కలిసినవి తీసుకోండి. ఉన్ని అంటే వేడి అనుకుంటారు, పల్చటి మెరినో మన చలికాలానికి హాయిగా ఉంటుంది. మూడు జతలు చాలు: ఒకటి కాళ్లకు, ఒకటి బ్యాగు మీద ఆరేసి, ఒకటి రాత్రి పడుకోవడానికి మాత్రమే. వేళ్ల మధ్య బొబ్బలు వచ్చేవాళ్లు ఐదు వేళ్ల సాక్సులు వాడి చూడండి.

7. లేసు కట్టడం

సగం బాధలు లేసుతోనే పోతాయి, బూటు మార్చక్కర్లేదు.

ఎక్కేటప్పుడు: పాదం మీద గట్టిగా, చీలమండ దగ్గర కొంచెం వదులుగా.

దిగేటప్పుడు: మడమ తాళం వేయాలి. లేసును పైనుంచి రెండో రంధ్రం దాకా మామూలుగా కట్టండి. తర్వాత ఎటువైపు లేసును అటువైపే ఉన్న ఆఖరి రంధ్రంలో దూర్చండి, రెండు పక్కలా చిన్న ఉచ్చులు వస్తాయి. కుడి లేసును ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసును కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి బిగించి ముడి వేయండి. మడమ వెనక్కి కూర్చుంటుంది, వేళ్లు ముందుకు జారవు. దిగుడు మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు ఆగి ఇది చేయండి, గుంపు ఎంత తొందరపెట్టినా సరే.

పాదం పైన ఎముక దగ్గర నొక్కుతుంటే ఆ చోట మాత్రం లేసును అడ్డంగా దాటించకుండా నిలువుగా పై రంధ్రంలోకి తీసుకుపోండి.

8. మూడు వారాల అలవాటు

కొత్త బూట్లతో నేరుగా ట్రెక్‌కు పోవద్దు.

మొదటి వారం: ఇంట్లో, బజారుకు, రోజూ గంట. బ్యాగు లేకుండా.

రెండో వారం: నాలుగైదు కిలోల బ్యాగుతో చెరువు కట్ట మీద, పొలం గట్ల మీద ఐదారు కిలోమీటర్లు.

మూడో వారం: పూర్తి బరువుతో ఒక గుట్ట. మీకు దగ్గర ఏది ఉంటే అది: భువనగిరి, దేవరకొండ, కోయిలకొండ. తెల్లవారగానే మొదలుపెట్టండి, ఎండెక్కితే బండ పెనంలా కాలుతుంది. భువనగిరి బండ మంచి పరీక్ష, 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా శిక్షణ మొదలుపెట్టింది అక్కడే. దిగి వచ్చాక సాక్సులు తీసి చూడండి. ఎర్రబడిన చోట్లు గుర్తు పెట్టుకోండి, ట్రెక్ రోజు నడక మొదలవకముందే అక్కడ టేపు వేయాలి.

9. ఇబ్బంది, కారణం, సవరణ

- మడమ వెనక రాసుకుంటోంది: మడమ తాళం వేయండి. తగ్గకపోతే బూటు వెడల్పు ఎక్కువ, మందమైన ఇన్‌సోల్ పెట్టి చూడండి.
- దిగుడులో వేళ్లు తగులుతున్నాయి: ముందు గోళ్లు కత్తిరించారా చూసుకోండి, లేసు బిగించండి. అయినా తగిలితే సైజు చిన్నది, మార్చడం తప్ప దారి లేదు.
- వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి: లేసు మరీ బిగుతు, లేదా సాక్సు మందం ఎక్కువ.
- అరికాలు మండుతోంది: చెమట. ప్రతి రెండు గంటలకు బూట్లు విప్పి పది నిమిషాలు పాదాలు ఆరనివ్వండి.
- మొరం, పల్లేరు కాయలు లోపల పడుతున్నాయి: బూటు అంచు మీద వేసే గుడ్డ తొడుగు, గైటర్ అంటారు, తగిలించండి.

10. బయల్దేరే ముందు, దారిలో

పెట్టుకోవాల్సినవి:
- గుడ్డ టేపు (మెడికల్ షాపులో ల్యూకోప్లాస్ట్ అని అడగండి), చిన్న కత్తెర
- సూది, స్పిరిట్ దూది, ముల్లు తీయడానికి చిమటా
- అదనంగా ఒక జత లేసులు
- సాయంత్రం వేసుకోవడానికి తేలికైన చెప్పులు
- రెండు రోజుల ముందు కత్తిరించిన గోళ్లు (అదే రోజు కత్తిరిస్తే కొసలు గుచ్చుకుంటాయి)

నడుస్తుంటే ఒకచోట వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే అక్కడే ఆగండి. "ఆ చెట్టు దాకా పోయి చూద్దాం" అనుకునే ఆ పది నిమిషాల్లోనే బొబ్బ లేస్తుంది. చెమట తుడిచి, ఆరనిచ్చి, ముడతలు లేకుండా టేపు వేయండి, టేపు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవదు.

బొబ్బ లేచిందా, చిన్నదైతే ముట్టుకోకుండా టేపు వేయండి. పెద్దదై నడవనీయకపోతే స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు పోనివ్వండి, పై చర్మం పీకొద్దు. షుగరున్నవాళ్లు మాత్రం సూది పెట్టుకోవద్దు, కట్టు కట్టుకుని దిగి డాక్టరుకు చూపించాలి.

పొద్దున బూటు తొడిగే ముందు తిరగేసి దులపండి, రెండూ. తేళ్లు, జెర్రులు చీకటి చోటు వెతుక్కుంటాయి. రాత్రి సాక్సులను బూటు మూతికి కట్టి ఉంచితే ఇంకా మంచిది.

11. తిరిగొచ్చాక

లేసులు, ఇన్‌సోల్ తీసేసి, మట్టి బ్రష్‌తో దులిపి, తడి ఉంటే లోపల పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో, పొయ్యి దగ్గర పెడితే అతికించిన గమ్ వదులుతుంది, తోలు బీటలు వారుతుంది. కారు డిక్కీలో వదిలేయడం కూడా అంతే.

లోపలి మెత్తటి ఫోమ్ 500 నుంచి 800 కిలోమీటర్ల నడకకు చచ్చుబడుతుంది, పైకి బూటు కొత్తగా కనిపించినా సరే. మోకాళ్లు, అరికాళ్లు మునుపటికంటే తొందరగా నొస్తే అదే కారణం కావచ్చు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. కొన్ని బూట్ల సోల్‌లో వాడే పాలీయురేథేన్ అనే పదార్థం, వాడకుండా పెట్టెలో ఉంచినా గాలిలోని తేమకు కొన్నేళ్లలో పొడిపొడి అవుతుంది. ఐదారేళ్ల కింద కొని రెండుసార్లు వేసి దాచిన జత మీ అటకమీద ఉంటే, ట్రెక్‌కు నెల ముందే దించండి. సోల్‌ను వేళ్లతో గట్టిగా నొక్కి, వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, రవ్వలు రాలినా ఆ జతతో ఊరు దాటొద్దు.